గిన్నె అడుగున మిగిలింది

మా కళ్ళ ముందే మంచినీళ్ళ ట్యాంకరు కంపెనీ ఆఫీసు గడ్డిమీద ఖాళీ అయింది. ఏర్పేడు దగ్గర కూలీల లైన్లలో బిందెలతో నిలబడ్డ మాకు మాత్రం, నీళ్ళు శుద్ధిచేసే యంత్రం బయటికి వదిలేసే ఉప్పునీళ్ళే గతి. వాటిని మూతలేని సిమెంటు తొట్టిలో నింపి, క్లోరిన్ కలిపి, కాంట్రాక్టరు కుప్పయ్య చెప్పేవాడు: "రెండు దినాలు ఎండ తగలనీండి. వాసనా పోతాది, ఉప్పూ పోతాది."

వాసన నిజంగానే పోయేది. అందుకే అందరం నమ్మాం.

నాకు పెళ్ళయి నలభై రోజులు. గిన్నె ఖాళీ అయినప్పుడల్లా మేమిద్దరం కనబడాలని, స్టీలు గిన్నె లోపల అడుగున మా పేర్లు చెక్కించాను. చూసుకుని ఊరికే నవ్వుకునేదాన్ని.

ఒకటే ముల్లు, కోమలి. మా ఆయనతో ప్యాకింగులో పనిచేస్తూ కూలీల సంఘం నడిపేది.

"నువ్వు కాచిచ్చే నీళ్ళు ఉప్పగా ఉండాయి పవిత్రా. కోమలి ఇంట్లోవే బాగుండాయి" అన్నాడు మా ఆయన మునిశేఖర్.

ఒకే తొట్టి నీళ్ళు! ఒళ్ళు మండింది. కెమిస్ట్రీలో డిగ్రీ చదివినదాన్ని, ఆమెకంటే మంచి నీళ్ళు ఇవ్వలేనా? మర్నాటి నుంచి పేర్లున్న ఆ గిన్నెలోనే సగానికి ఇగిరేదాకా కాచాను. ఒక గుక్క తాగి, ఆయన కోమలి ఇంటికే పోయాడు.

ఆదివారం సంఘం మీటింగు ఆమె వాకిట్లోనే. మా ఆయన నవ్వు మా ఇంటిదాకా వినబడుతోంది. గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి, పొయ్యి సంగతి మరిచాను. గిన్నె చిటపటమంటే పరుగెత్తాను. నీళ్ళు లేవు. మా పేర్లమీద తెల్లటి పొర. గీకి నాలుకమీద వేసుకున్నాను. ఉప్పు.

సిగ్గుతో చచ్చిపోయాను. క్లోరిన్ గాలిలో కలుస్తుంది, నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. పరీక్షలో రాసినదే! కోమలి కాచకుండా ఇచ్చేది, అంతే తేడా. నేను ప్రేమగా కాచి కాచి చిక్కటి ఉప్పునీళ్ళు తాగించాను. తొట్టిలో ఎండ చేస్తున్నదీ అదే పని.

వేడి గిన్నెను కొంగుతో పట్టుకుని మీటింగుకు పోయాను.

"ఏమ్మే కొత్త పెండ్లికూతురా, నీ మొగుడు యాడికీ పోలేదులే, ఈడనే ఉండాడు!" అంది ముసలి ఆనందమ్మ. అందరూ నవ్వారు.

కోమలి నవ్వలేదు. పొరను గోటితో గీకింది. "అంటే, ఎండే కొద్దీ ఉప్పు ఎక్కువైతాదా?"

"అవునక్కా." మొదటిసారి అక్కా అన్నాను.

సోమవారం ఒక్కరూ గేటు దాటి లోపలికి పోలేదు. కుప్పయ్య జీపు దిగాడు. "నా ఉప్పు తిని నామీదికే వస్తారా?"

కోమలి గిన్నె చూపించింది. "నీ ఉప్పు ఇదేనప్పా. ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాలంటారే, తినిపించినోడు తాగడా?" తొట్టి నీళ్ళ గ్లాసు చాపింది.

"తాగు! తాగు!" గేటు అదిరింది. కుప్పయ్య గ్లాసు ముట్టలేదు. ఫోను తీశాడు.

పోలీసులు వచ్చారు. పుకార్లు పుట్టిస్తున్నదని కోమలిని పట్టుకున్నారు. ఎస్సై గిన్నెలోని పొరను బొటనవేలితో తుడిచి చదివాడు. "మునిశేఖర్, పవిత్ర. ఎవరు?"

"మేమే" అన్నాను. మా ఆయన నావైపు చూసిన చూపుకు, ఆ గలాటాలోనూ గుండె ఝల్లుమంది.

గిన్నెను లాక్కుని, ముగ్గురినీ పోలీసు జీపెక్కమన్నారు. ఎంత అక్క అయినా, మధ్యలో నేనే కూర్చున్నాను.

జీపు కదులుతుంటే ఆనందమ్మ అరిచింది: "ఒక గిన్నె తీసకపోతే ఏమాయె సారూ! ఇంటికొకటి పొయ్యిమీద పెడతాం, లారీ తెచ్చుకో!"

వెనక్కి తిరిగి చూశాను. లైన్ల నిండా పొగ లేస్తోంది.