టమాటా బండికి స్నార్కెల్

పద్దెనిమిదేళ్లు సినిమావాళ్ల వ్యాన్లు తోలిన నర్సింహకు తెర మీద తన బండి ఒక్కసారి కూడా కనబడలేదు. ఎట్లా కనబడుతుంది? యూనిట్ వ్యాన్ బతుకంతా కెమెరా వెనకే. లైట్లు మోయాలి, సామాను దింపాలి, ఆఖరికి "ఆ బండి పక్కకి తీయండయ్యా" అనిపించుకోవాలి. అలాంటిది ఈ ఏడాది సొంతంగా కొన్న తెల్ల పికప్‌ను ప్రొడక్షన్ మేనేజర్ చలపతిరావు చూసి, "దీన్ని హీరో బండిగా పెట్టుకుంటామయ్యా" అనేసరికి నర్సింహ కాళ్లు నేల మీద ఆనలేదు. మధురానగర్‌లో ఇస్త్రీ బండి దగ్గర్నుంచి టిఫిన్ సెంటర్ దాకా అతను చెప్పని మనిషి లేడు. తల్లి శకుంతలమ్మ అయితే మొదటి ఆటకు ఎవరెవరిని తీసుకెళ్లాలో అప్పుడే లెక్కేసుకుంది. తెర మీద బండి రాగానే "అదిగో, మనదే" అని చూపించాలి. నర్సింహకు ఇంకే కోరికా లేదు.

సినిమాలో హీరో టమాటా రైతు. పంటకు మంచి రేటు పలికిన ఏడాది ఈ పికప్ కొంటాడు. మొదటి షెడ్యూల్ పన్నెండు రోజులు నడిచింది. బండి సొంత నంబరు మీద సినిమా నంబరు స్టిక్కరు అంటించారు. రోజూ పొద్దున్నే హీరో వచ్చి బానెట్ మీద చరిచి, "ఏం తమ్ముడూ, తయారేనా?" అని పలకరించేవాడు. నర్సింహను కాదు, బండిని. అయినా కన్నకొడుకును మెచ్చుకున్నట్టు నర్సింహ పక్కన నిలబడి మురిసిపోయేవాడు.

పన్నెండో రోజు సాయంత్రం హీరో వెళ్తూ వెళ్తూ ఒక మాట విసిరాడు. "దీనికి పెద్ద టైర్లు, స్నార్కెల్ పెడితే కిరాక్ ఉంటది అన్నా!"

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటకముందే ఆయన ఆ మాట మరిచిపోయి ఉంటాడు. నర్సింహ మరవలేదు.

రెండో షెడ్యూలుకు పది రోజుల వ్యవధి ఉంది. మర్నాడే నర్సింహ జూబ్లీహిల్స్ సందులో ఉన్న మైఖేల్ షాపుకు పోయాడు. జీపులకూ పికప్‌లకూ కొండలెక్కే హంగులన్నీ బిగించే షాపు అది. అక్కడికొచ్చే బండ్లలో సగం ఆదివారం బురద చూసి సోమవారం షాంపూతో స్నానం చేసేవే. ఆ సంగతి మైఖేల్‌కు తెలుసు, కానీ బేరం కదా, నోరు మెదపడు.

"ఎక్కడ తోలతారండీ? రాళ్లలోనా, ఇసకలోనా, నీళ్లలోనా?" అని అడిగాడు.

"ఫిల్మ్ నగర్‌ల," అన్నాడు నర్సింహ.

మైఖేల్ నవ్వాపుకుని ఫోన్‌లో బొమ్మలు తీశాడు. ముందు టైర్లు. బురదలో పట్టు బాగుంటుంది గానీ తారురోడ్డు మీద గోల చేస్తాయని చెప్పాడు. గోల చేస్తే ఇంకా మంచిదే, పదిమంది తలతిప్పి చూస్తారనుకున్నాడు నర్సింహ. ఆ టైర్లు ఆడాలంటే బండిని రెండంగుళాలు పైకి లేపాలి. సరే, లేపమన్నాడు. బండి ముందువైపు ఇనుప గార్డు, దాని మీద నాలుగు లైట్లు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, ఏది చూపించినా నర్సింహ తల అడ్డంగా ఊగలేదు.

చివరికి స్నార్కెల్ దగ్గర మైఖేలే ఆగాడు. లోతు నీళ్లలో దిగినా ఇంజను పైనుంచి గాలి పీల్చుకోవడానికి అద్దం పక్కగా నిలబెట్టే నల్లటి గొట్టం అది.

"ఇది మాత్రం బాగా ఆలోచించుకోండి నర్సింహగారూ. టైర్లు వద్దంటే మార్చేస్తాను, గార్డు వద్దంటే ఊడదీస్తాను. దీనికి ముందు చక్రం మీది రేకుకి కన్నం పెట్టాలి. పెట్టాక వద్దంటే కుదరదు."

"జర ఫికర్ చెయ్యకు మైఖేలూ. హీరో సార్ నోటితోని చెప్పిండు. గంతకంటె ఏం గావాలె? పెట్టు."

డ్రిల్లు కొత్త రేకులోకి దిగుతుంటే నర్సింహ ఒక్కసారి కళ్లు మూసుకున్నాడు. గొట్టం నిలబడ్డాక మాత్రం బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు, గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు.

షూటింగ్ రోజు పొద్దున ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కుతుంటే ఆటోవాళ్లు నిజంగానే తలతిప్పి చూశారు. స్టూడియోలో టమాటా మార్కెట్ సెట్ వేశారు. నర్సింహ బండిని సరిగ్గా సెట్ ముందు ఆపి, దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అసిస్టెంట్ డైరెక్టర్ ఉదయశ్రీ వచ్చింది. నిన్నటి షాట్‌కూ ఇవాళ్టి షాట్‌కూ చొక్కా గుండీ కూడా మారకుండా కాపలా కాసే పిల్ల. బండి పక్కనుంచే నడిచిపోయి అటూ ఇటూ చూసింది.

"అన్నా, మన బండేది?"

"గిదే గదమ్మా!"

ఆమె వెనక్కి తిరిగింది. ముందు సినిమా నంబరు చూసింది, తర్వాత టైర్లు, తర్వాత గొట్టం. చేతిలో కాఫీ ఒలికి చెప్పుల మీద పడినా కదల్లేదు. ట్యాబ్ తెరిచి మొదటి షెడ్యూల్ ఫొటో అతని ముందు పెట్టింది.

"మొన్న హీరో ఇందులో ఎక్కాడన్నా. ఎక్కి డోర్ వేసుకున్నాడు. ఇవాళ దిగాలి. తోట నుంచి మార్కెట్‌కి వచ్చేలోపల బండికి ఇవన్నీ మొలుస్తాయా?"

మీసం కత్తిరించుకొచ్చి చీవాట్లు తిన్న నటులను నర్సింహ ఇదివరకు చూశాడు. వాచీ మార్చినందుకు షాటంతా మళ్లీ తీయడం చూశాడు. వ్యాన్ పక్కన నిలబడి వాళ్లను చూసి నవ్వాడు కూడా. బండి కూడా వేషం వేసుకుందని, దాని రూపు కూడా మార్చగూడదని ఈ పద్దెనిమిదేళ్ల బుర్రకు తట్టనే లేదు.

చలపతిరావు పరుగెత్తుకొచ్చాడు. చూసి తల పట్టుకున్నాడు.

"టమాటాలు మోసే బండికి నీళ్లలో ఊపిరి పీల్చే గొట్టం ఎందుకయ్యా?"

"హీరో సార్ చెప్పిండు సార్..."

"హీరోగారు నన్ను కూడా జుట్టు పెంచుకోమన్నారు. పెంచుకున్నానా?" అన్నాడు చలపతిరావు, తన బట్టతల తడుముకుంటూ.

"మైఖేల్‌ను పిలుస్త సార్. రెండు గంటలల్ల అన్ని ఇప్పిస్త."

ఉదయశ్రీ గొట్టం మీద వేలు పెట్టింది. "ఇది తీస్తే, కింద?"

నర్సింహ తల దించుకున్నాడు. "బొక్కుంటదమ్మా."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? నర్సింహ ఆ అడుసు కూడా తొక్కలేదు పాపం, ఫిల్మ్ నగర్‌లోనే మునిగాడు. కొత్త రేకు తెప్పించి రంగేయడానికి వారం పడుతుంది. హీరో డేట్లు రెండే రోజులు.

గంట తిరక్కుండా వెంగళరావు నగర్ నుంచి అచ్చంగా అలాంటిదే ఇంకో తెల్ల పికప్ వచ్చింది. ఉదయశ్రీ మోకాళ్ల మీద కూర్చుని నర్సింహ బండి నుంచి సినిమా నంబరు జాగ్రత్తగా ఒలిచింది. "సారీ అన్నా," అంటూనే తీసుకెళ్లి ఆ బండికి అంటించింది. అంతే, హీరో బండి అదైపోయింది. అది చూస్తూ నిలబడ్డ నర్సింహకు ఏడుపు తన్నుకొచ్చింది. తల్లికి ఏమని చెప్పాలి? మన బండి ఎక్కిన హీరో ఎవరి బండిలోంచో దిగుతాడని చెప్పాలా?

చలపతిరావు కాస్త మెత్తబడి దగ్గరికొచ్చాడు. "బాధపడకయ్యా. విలన్ గ్యాంగుకి ఇలాంటి బండే వెతుకుతున్నాం. ఆలోచించుకో."

ఇంతలో హీరో వచ్చాడు. తేడా హీరో కనిపెడతాడని, పన్నెండు రోజులు తడిమిన చెయ్యి తన బండిని గుర్తుపడుతుందని నర్సింహకు ఎక్కడో చిన్న ఆశ. హీరో తిన్నగా ఆ కొత్త బండి దగ్గరికి పోయి బానెట్ మీద చరిచాడు.

"ఏం తమ్ముడూ, తయారేనా?"

నర్సింహ కొయ్యబారిపోయాడు. పొద్దుటి తిట్లు కూడా ఇంత తగల్లేదు. అప్పుడు హీరో చూపు ఇటు తిరిగింది. కళ్లజోడు పైకెత్తి రెండడుగులు ముందుకొచ్చాడు.

"అబ్బ! పెద్ద టైర్లు, స్నార్కెల్... కిరాక్ ఉంది! ఎవరిదన్నా ఈ బండి?"

ఉదయశ్రీ ట్యాబ్‌లోకి తల దించుకుంది. చలపతిరావు దగ్గాడు.

"విలన్‌ది సార్," అన్నాడు నర్సింహ.