తెరచాపకు పసుపు

తెరచాపకు కిటికీ ఉంటుందా? మీరే చెప్పండి. హుస్సేన్‌సాగర్‌లో నిన్న పుట్టిన చేపపిల్లనడిగినా ఉండదనే చెబుతుంది. అమీర్‌పేటలో పాత సామాను అమ్మే షావుకారు మాత్రం ఉంటుందన్నాడు. "గాలి ఎక్కువొస్తే పోనీకి ఉండాలె గదమ్మా" అని నాకే పాఠం చెప్పాడు. మిషన్ బడిలో ఊరి పిల్లలందరికీ పాఠాలు చెప్పే ఈ జీవమణికి!

మొదటి నుంచీ చెబుతాను. లేకపోతే మీరు కూడా మా నాయిననే తప్పుపడతారు.

మా నాయిన సాలమన్. పంజాగుట్ట నుంచి రోజూ నడిచి, చెరువు అవతలి గట్టున ఉన్న పడవల క్లబ్బుకు పోయేవాడు. దొరల పడవలు కడగడం, తాళ్లు సవరించడం, నీళ్లలోకి తోయడం ఆయన పని. దొరలు తాగి పడుకుంటే పడవను వెనక్కి తెచ్చేదీ ఆయనే. ఒడ్డు నాలుగు బారలుందనగా దొరను లేపి, చుక్కాని ఆయన చేతికిచ్చి, తాను పక్కకు జరిగేవాడు. గట్టు మీది దొరసానులు చప్పట్లు దొరకు కొట్టేవారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాయిన నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఒక దొర తన దేశం వెళ్లిపోతూ తన పాత పడవను నాయినకిచ్చి పోయాడు. చెక్క గట్టిదే. లోపల ఇద్దరు పడుకోవడానికి చిన్న గూడు కూడా ఉంది. తెరచాప మాత్రం చీకిపోయి, వేలు పెడితే దిగిపోయేది. అయినా సరే, నాయిన ఆ పడవను చూసుకున్నంత మురిపెంగా నన్నయినా చూసుకోలేదు. ఇంతలో క్లబ్బుకు కొత్త సెక్రటరీ వచ్చాడు. దొర కాదు, మనవాడే, దొరల సీమలో చదివొచ్చిన బారిస్టరు. నౌకరుకు సొంత పడవేమిటని ఆయనకు కడుపుమంట. ఆ మాట పైకి అనలేడు గదా, అందుకని రూలు పెట్టాడు. ఫిబ్రవరిలో పందేల రోజున ప్రతి పడవా తెరచాప ఎత్తి నీళ్లలోకి దిగాలి. దిగని పడవను పగలగొట్టి కట్టెల కింద అమ్మేస్తారు. ఎత్తడానికి తెరచాప లేని పడవ క్లబ్బు మొత్తానికి ఒక్కటే. అది ఎవరిదో వేరే చెప్పాలా?

బొంబాయి నుంచి కొత్తది తెప్పిస్తే నాయిన ఏడాది జీతం దానికే పోవాలి. అప్పుడు రంగంలోకి దిగారు జాన్‌బాబు గారు. ఈయన మా చర్చి సంఘపెద్ద, ఏదో ఆఫీసులో హెడ్ గుమస్తా. బందరు మనిషి. సముద్రం పక్కన పుట్టాడు కాబట్టి పడవల విషయంలో తనకు తెలియనిది లేదంటాడు. సముద్రం పక్కన పుట్టినవాళ్లంతా నావికులైపోతే, చర్చి పక్కన పుట్టినవాళ్లంతా పాదిరీలు కావాలి.

"మీకెందుకండీ సాలమన్ గారూ, నేనున్నానుగా! అమీర్‌పేటలో పటాలం సామాను చవగ్గా అమ్ముతున్నారు. అందులో నిక్షేపంలాంటి తెరచాప ఉంది, నా కళ్లతో చూశాను. ఏంటి జీవమణీ, అలా చూస్తావ్?"

నేను చూసిన చూపు వృథా కాలేదు. ఆయన మాట మీద నాయిన కొనుక్కొచ్చి ఇంటి ముందు పరిస్తే అది గుడారం. దానికి జాలీ వేసిన కిటికీ, కిటికీకి రెప్పలా ఒక గుడ్డ, ఆ గుడ్డకు గుండీలు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదే. నాయిన ఆ గుండీలను ఒకటొకటిగా పెట్టి, తీసి, "పాపం, జాన్‌బాబు గారికి సుత తెల్వనట్టుంది" అన్నాడు. పాపమట!

గుడారాన్ని నెత్తిన పెట్టుకుని నేనే షావుకారు దగ్గరికి పోయాను. కిటికీ పాఠం చెప్పింది అప్పుడే. వాపసు తీసుకోనన్నాడు. సరే, తీసుకోకు. దుకాణం మెట్టు మీద గుడారం పరిచి, దాని మీద కూర్చున్నాను. వచ్చినవాళ్లందరికీ కిటికీ చూపించాను. "రాండ్రి, చూడుండ్రి. ఈయన తాన దుప్పటి కొంటే దర్వాజ సుత వస్తది!" అన్నాను. ఒకాయన నవ్వి దుప్పటి కొనకుండానే వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి షావుకారు రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, నీకో దండం. దీన్ని ఈడ పడేసి గా తాను తీస్కపో. జర నా గిరాకిని ఒదిలెయ్యి."

అది వాడని కొత్త తెల్ల కాన్వాసు తాను. అలా బట్ట దొరికింది. ఇక కుట్టేవాడు కావాలి.

మా ఇంటి వెనక దర్జీ పర్శరాములు ఉండేవాడు. వాళ్లది సిద్దిపేట, తరతరాల నేతపని. తెరచాప అనే వస్తువును అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నాయిన పాతదాన్ని నేల మీద పరిస్తే చుట్టూ తిరిగి, గడ్డం గోక్కున్నాడు.

"ఏందన్నా గిది, అంచు వంకర వొయ్యింది? సక్కగ జేస్త తియ్యి."

"వద్దు వద్దు, గా వంకరనే కావాలె. గాలి నిలవడేది ఆడనే" అని నాయిన అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరూ నేల మీద పాకుతూ సుద్దతో గీతలు గీసుకున్నారు. పర్శరాములు తిండి కూడా మరిచిపోయి కుట్టాడు. కుట్టు ఒక్కటి పక్కకు పోతే విప్పి మళ్లీ వేశాడు. కూలి ఎంతని నాయిన అడిగితే, "పందేల రోజు చూడనీకి మా అవ్వను తోలుకొని వస్త, గంతే" అన్నాడు.

కుట్టడం అయ్యాక అతని తల్లి చంద్రమ్మవ్వ గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది. కొత్త బట్ట పసుపు లేకుండా వాళ్ల గడప దాటదు. తెరచాప మూడు మూలలకూ వేలితో చిన్న చిన్న బొట్లు పెట్టి, "మంచిగుండాలె బిడ్డా, నీళ్ల మీదికి వొయ్యే బట్ట" అంది. మా ఇళ్లలో కొత్తబట్టకు పసుపు పెట్టం, ప్రార్థన చేసుకుంటాం. అయితేనేం? ఆ ముసలమ్మ ప్రేమగా పెట్టింది. నాయిన రెండు చేతులా అందుకున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

జాన్‌బాబు గారు ఊరుకుంటారా? ప్రార్థన చేయించి పందేల పొద్దున తానే క్లబ్బుకు తెస్తానని తెరచాపను వాళ్లింటికి పట్టుకుపోయారు. వద్దని నేను మొత్తుకున్నాను. "పెద్దమనిషి అడుగుతుంటే ఎట్ల కాదంట బిడ్డా?" అన్నాడు నాయిన.

పందేల రోజు వచ్చింది. చంద్రమ్మవ్వ ఉతికిన చీర కట్టుకుని కొడుకుతో వచ్చింది. జాన్‌బాబు గారు మడత పెట్టిన తెరచాప తెచ్చి ఇచ్చారు. నాయిన దాన్ని తాళ్లకు తగిలించి పైకి లాగాడు. తెల్లటి గుడ్డ మీద, మూడు మూలలా, అరచేతులంత ఎర్రటి మరకలు!

"ఏంటండీ ఇది?" అన్నాను. కోపంలో నాకే బందరు యాస వచ్చింది.

"అది... పసుపు అన్యుల ఆచారం కదా అని... చాకలి సోడా పట్టించి రుద్దాను. రుద్దేకొద్దీ ఎర్రబడింది."

"సోడా తగిలితే పసుపు ఎర్రగైతదని ఎవలకు తెల్వదు? మీ ఇంట్ల ఆడోళ్లను అడగరాదా?"

"ఆడవాళ్లనా?" అన్నారాయన. ఆ ఆలోచనే ఆయనకు రాలేదు. అరికాలి మంట నా నెత్తికెక్కింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే వచ్చాడు సెక్రటరీ. ఆ రోజుల్లో సర్కారుకు ఎరుపంటే హడలు. జిల్లాల్లో ఎర్రజెండా సంఘపోళ్లు లేచారని, పట్నంలో ఎర్ర చీర ఆరేసినా సీఐడీ వాడు తొంగిచూసేవాడు.

"మూడు మూలలా ఎర్ర గుర్తులా! సాలమన్, ఏ పార్టీలో కలిశావు? పోలీసు అధికారులు అతిథులుగా వస్తున్నారిక్కడికి. దించు దాన్ని!"

"అది పసుపు సారూ" అన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. చంద్రమ్మవ్వ ముందుకొచ్చి, "నేనే పెట్టిన దొరా, శుభమని పెట్టిన" అంది. ఆయన ముక్కు చిట్లించి, "దించు. పడవను కట్టెలకు పంపండి" అన్నాడు.

జాన్‌బాబు గారు ఒక్క మాట అంటే సరిపోయేది. "నేనే రుద్దానండీ" అని ఆ ఒక్క మాట! పెద్ద ఉద్యోగం, పెద్ద కోటు, సంఘంలో పెద్ద కుర్చీ. ఆయన తన బూట్లను చూసుకుంటూ నిలబడ్డారు. థూ! అని నేలమీద ఉమ్మేశాను. పంతులమ్మను, అయినా ఉమ్మేశాను.

నాయిన మాత్రం కట్టు తాడు విప్పాడు.

"సాబ్, తెరచాప ఎత్తాలె, నీళ్లల్ల దిగాలె అన్నది మీ రూలు. ఎత్తిన. ఇగ దిగుతున్న."

"దిగావంటే నీ నౌకరీ పోయినట్టే!"

"మంచిది సాబ్" అన్నాడు నాయిన, ఎవరో మంచినీళ్లిచ్చినంత మామూలుగా. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎక్కు బిడ్డా."

నౌకర్ల పిల్లలు ఆ పడవలను ముట్టుకోవడానికే లేదు. నేను పుట్టి పెరిగింది ఆ చెరువును చూస్తూనే, కానీ ఏనాడూ దాని మీదికి పోలేదు. చీర మోకాళ్ల దాకా తడుపుకుని ఎక్కాను. క్లబ్బు మనుషులెవరూ కదల్లేదు. పర్శరాములు నడుంలోతు నీళ్లలోకి దిగి పడవను తోశాడు. గుడ్డ ఒక్కసారి టపటపా కొట్టుకుని నిండింది. ఒక్క కుట్టు ఊడలేదు.

గట్టు దూరమైంది. నాయిన చుక్కాని పట్టుకుని పైకి చూస్తున్నాడు. నేను మాత్రం ఆగలేదు. సెక్రటరీని తిట్టాను, వాడిని చదివించిన సీమను తిట్టాను, షావుకారును, వాడి కిటికీని తిట్టాను. జాన్‌బాబు గారిని తిట్టడానికి బందరు దాకా పోయాను. రేపటి నుంచి ఏం తింటామని నాయినను కూడా తిట్టాను. ఇక ఆ క్లబ్బు గట్టు మీద అడుగు పెట్టనివ్వరు, ఈ పడవనెక్కడ కట్టేస్తావని అడిగాను.

"ఖైరతాబాద్ దిక్కు చాకలోళ్ల రేవుంది. ఇంటికి సుత దగ్గర" అన్నాడు.

"రేవు సరే, బువ్వ సంగతి? ఆ బారిస్టరు..."

"జీవమణీ" అన్నాడు నాయిన, కళ్లు తెరచాప మీది నుంచి దించకుండా. "జర నోరు ముయ్యి బిడ్డా. గాలి ఇనొస్తలేదు."

నేను నోరు మూసుకున్నాను. ఒక మగవాడు చెప్పగానే నోరు మూసుకోవడం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు.