రంగన్న గుండె సద్దు

పొద్దున్నే రంగన్న గొర్రెల దొడ్డి తడిక తీసే వేళకు అతని గుండె సద్దు వీధి చివరిదాకా వినబడేది. తడిసిన తప్పెట మీద అరచేత్తో కొట్టినట్టు ధబ్బు ధబ్బుమని ఉండేది. అది విని ఆడవాళ్లు పొయ్యి ముట్టించేవాళ్లు. ఎదురింటి సలీం కుట్టుమిషను తొక్కుడు దానికి సరిపెట్టుకునేవాడు. మేతకు పోయి తిరిగొచ్చేటప్పుడు మంద ఇంకా వంక అవతల ఉండగానే అతని భార్య యల్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టేది. రంగన్న పుట్టినప్పటినుంచీ అంతే. నల్లదిన్నె ఊళ్లో ఎవరికీ అది వింతగా ఉండేది కాదు.

ఆ కాలంలో జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఏ ఊరు చూసినా రెండుగా చీలి ఉండేది. రెండు జెండాలు, రెండు టీ అంగళ్లు. రంగన్న వయసులో ఉన్నప్పుడు పార్టీ పెద్దాయన మనుషులు అతన్ని కూడా జీపెక్కించుకుని పోయి ముద్దనూరు దోవలో ఒక కల్వర్టు కింద కూచోబెట్టినారు. చేతికి నాటుబాంబుల సంచి ఇచ్చినారు. అవతలి పార్టీ కారు దూరంలోనే ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి కాసేపు చెవి పెట్టి విన్నాడు. కారు వెనక్కి తిరిగి పోయింది. పక్కనే నక్కి ఉన్న చిన్నసుబ్బయ్య పండ్లు పటపట కొరికినాడు. పెద్దాయన మాత్రం నెత్తి కొట్టుకుని, "నువ్వు పనికిరావులే, గొర్రెలు కాసుకో పో" అన్నాడు. రంగన్నకు అంతకన్నా కావలసింది లేదు. ఆ గుండె పుణ్యాన అతని చేతికి నెత్తురు అంటలేదు.

ఏండ్లు గడిచినాక, ఆ గుండె తప్పటడుగు వేస్తున్నదని మొదట పట్టింది సలీం. ఒకరోజు మధ్యాహ్నం మిషను ఆపి వీధిలోకి వచ్చినాడు.

"రంగన్నా, ఏంది నీ సద్దు రెండు కొట్టి ఒకటి మింగుతాంది? కుట్టు వంకర పోతాంది నాకు."

"గట్టెక్కితే రొమ్ము పట్టేస్తాంది సలీమూ. ఎడమ చెయ్యి గుంజుతాంది. గ్యాసేమోలే."

యల్లమ్మ ఆ గ్యాసు మాట ఒప్పుకోలేదు. మరుసటి రోజే మొగుణ్ణి బస్సెక్కించి ప్రొద్దుటూరు తిమోతి డాక్టరు దగ్గరికి పిలుచుకుపోయింది. తిమోతి స్టెతస్కోపు మెడలోనే ఉంచుకుని కండ్లు మూసుకుని కూచున్నాడు. రంగన్నను చూడడానికి అది అవసరం లేదు. తర్వాత ఈసీజీ తీయించి, కాగితం బల్ల మీద పరిచినాడు.

"పులివెందుల చీనీకాయల తోటల్లో డ్రిప్పు పైపులు చూసినావు కదా. ఉప్పునీళ్లు పారి పారి లోపల గార కట్టి, చెట్టుకు నీళ్లు అందవు. గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాలు కూడా అట్లే పూడుకుంటాయి. నీకు అదే అయినట్టుంది."

"రొమ్ము కోయాల్నా సామీ?" యల్లమ్మ అడిగింది.

"కోయరమ్మా. యాంజియోప్లాస్టీ అంటారు. గజ్జల కాడ నరంలో నుంచి సన్నని తీగ గుండె దాకా పంపిస్తారు. తీగ మీద చిన్న బుడగ ఉంటుంది. పూడిన చోట దాన్ని ఉబ్బిస్తే గార పక్కకు ఒత్తుకుని దారి అవుతుంది. మళ్లీ మూసుకోకుండా ఆడ సన్నని జాలీ గొట్టం ఒకటి నిలబెడతారు. మనిషి మెలకువతోనే ఉంటాడు. అంతటితో తీరిపోయిందనుకోవద్దు, బతికినన్నాళ్లు మాత్రలు మింగాల. బీడీ ముట్టకూడదు."

"యాడ చేస్తారు?"

"హైదరాబాదులో చేస్తారు. శానా ఆలస్యం చేయొద్దు."

హైదరాబాదు మాట వినంగానే మొగుడూ పెళ్లాం ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. అంతకు ముందు ఎండాకాలం వాళ్ల ఊరి మనిషిని ఒకణ్ణి ఆ పట్నంలోనే, ఆస్పత్రి మంచం మీదనే అవతలి పార్టీవాళ్లు నరికినారు. రంగన్న మీద కూడా ఒక కేసు ఉంది. వంక అవతలి ఊరి ఈశ్వరమ్మ మొగుణ్ణి చీనీ తోట కాడ చంపిన కేసులో ముద్దాయిల వరసలో అతని పేరు చేరింది. అతను ఆ పొద్దు మైదుకూరు దోవలో గొర్రెలు మేపుకుంటా ఉన్నాడు. అయినా చంపినవాళ్లది అతని వీధే కాబట్టి పేరు ఎక్కింది; బెయిలు మీద బయట ఉన్నాడు. ఈశ్వరమ్మ మరుదులు అతని కోసం కాచుకుని ఉన్నారని అందరికీ తెలుసు. వేరే రోగి అయితే పేరు మార్చుకుని ఏ మూల గదిలోనో పడుకోవచ్చు. రంగన్న ఏ తెర వెనక పడుకున్నా గుండె చెప్పేస్తుంది.

దారి చూపింది సిరాజుద్దీను. అతను ప్రొద్దుటూరులో కువైట్‌కు మనుషుల్ని పంపించే పని చేస్తాడు.

"కువైట్‌లో మనట్లాంటోళ్లకు ఆ వైద్యం అందదు. సింగపూరు రాజులకు గానీ మనకు కాదు. మా అన్న మహబూబ్ బాషా మలేషియాలో, పెనాంగులో వంట చేస్తాండాడు. ఆడ మంచి ఆస్పత్రి ఉందంట, హైదరాబాదులో అయ్యేదానికి కొంచెమే ఎక్కువ. ఉండేదానికి మా అన్న గది ఉంది. అన్నిటికన్నా ముందు, ఆడ మన పార్టీలోళ్లు ఎవురుండారప్పా?"

రంగన్న మందలో సగం అమ్మినాడు. పాస్‌పోర్టుకు అర్జీ పెట్టినాడు. పోలీసులు విచారణకు వచ్చి, కేసు ఉంది గదా అని తిప్పి పంపించినారు. కేసు కొట్టేసేదాకా దేశం దాటేది లేదు. గుండె అప్పటికి ఇంటి గోడ దాటి వినబడడం కష్టంగా ఉంది. యల్లమ్మ రాత్రంతా లెక్క పెట్టుకుంటా కూచునేది. ఒక్కోసారి అది ఆగి, ఆమె లేచి నిలబడేదాకా మళ్లీ మొదలయ్యేది కాదు.

చివరికి ఆమె ఎవరికీ చెప్పకుండా వంక దాటి ఈశ్వరమ్మ ఇంటికి పోయింది. ఈశ్వరమ్మ వాకిట్లో సెనక్కాయలు ఒలుస్తా ఉంది. వచ్చినామె ఎవరో తెలిసినా తలెత్తలేదు.

"నా మొగుడు సస్తాండాడు అక్కా," అంది యల్లమ్మ. "కేసు ఉందని పాస్‌పోర్టు ఇయ్యలేదు."

"నా మొగుడు సచ్చినప్పుడు నీ వీధిలో టపాకాయలు కాల్చినారు."

"కాల్చినారు. మేము తలుపేసుకున్న్యాము. అయినా ఆ పాపం మాకూ తగిలిందేమో."

ఈశ్వరమ్మ చేతిలో కాయ చిట్లింది. గింజలు చేటలోకి రాల్చింది.

"ఆ పొద్దు నేను తోటలోనే ఉన్న్యా," అంది కడకు. "బాంబులు పడినాయి, అరిచినారు, పరిగెత్తినారు. పొగలో ఒక్క మొగం కనపల్లేదు. పేర్లన్నీ మా మరుదులు చెప్తే పోలీసులు రాసుకున్నారు, నేను ఏలిముద్ర ఏసినా." యల్లమ్మ వైపు మొదటిసారి చూసింది. "నీ మొగుడి సద్దు మాకూ వినబడేది మే. గాలి ఇటు తిరిగితే నా ఇంట్లో గిన్నెలు అదిరేవి. ఆ పొద్దు అది ల్యాదు."

మాట అక్కడే వదిలేయలేదు ఈశ్వరమ్మ. మరుదులు ఇంటి ముందు కేకలేసినా, పొలానికి నీళ్లు ఆపేస్తామని బెదిరించినా, వాయిదా రోజు ప్రొద్దుటూరు కోర్టుకు ఒంటరిగా బస్సులో వచ్చి బోనెక్కింది.

"ఎవరినీ చూడలేదంటున్నావు. మరి ఈ రంగన్న లేడని ఎట్ల చెప్తావమ్మా?" జడ్జి అడిగినాడు.

"గుండె వినబడలేదు సామీ."

జడ్జి ఫ్యాను ఆపించినాడు. బయట రిక్షాల గోల తగ్గేదాకా ఆగినాడు. ముద్దాయిల వరసలో నుంచి ఆ సద్దు, నీరసంగా, కుంటుకుంటా, అయినా కోర్టు హాలంతా వినబడింది. ఆయన తల ఊపి రాసుకున్నాడు. ఆ నెలలోనే రంగన్న పేరు కేసులో నుంచి తీసేసినారు.

పెనాంగు ఆస్పత్రిలో డాక్టరు అరవం మాట్లాడేవాడు. మహబూబ్ బాషా దాన్ని తెలుగులో చెప్పేవాడు. బల్ల మీద పడుకోబెట్టి, గజ్జల కాడ సూదేసి, తీగ లోపలికి పంపించినారు. ఏదో మందు ఎక్కించినాక పక్కనున్న టీవీలో రంగన్నకు తన నాళాలు నల్లగా కనిపించినాయి. ఎండాకాలం పెన్నలో పాయలు పారినట్టు ఉన్నాయి. ఒక పాయ మధ్యలో సన్నబడి, దారమంత అయింది. బుడగ ఉబ్బినప్పుడు రొమ్ము మీద ఎవరో కూచున్నట్టయింది. భయంతో యల్లమ్మను తలుచుకున్నాడు. అంతలో ఆ బరువు దిగిపోయి, పాయ నిండా నల్లగా మందు పారడం కనిపించింది.

బయట బెంచీ మీద ఉన్న మహబూబ్ బాషాకు అప్పటిదాకా గోడలో నుంచి వస్తున్న సద్దు ఉన్నట్టుండి వినబడకుండా పోయింది. అతను ఏడ్చుకుంటా తలుపు నెట్టుకుని లోపలికి పోయినాడు. రంగన్న అతన్ని చూసి నీళ్లు అడిగినాడు.

ఊరికి తిరిగొచ్చిన పొద్దు యల్లమ్మ రోటి గుంతలో పిండి రుబ్బుతా ఉంది. వెనక అడుగుల అలికిడి విని, "ఎవురూ?" అంది. తిరిగి చూసి, చెయ్యి పిండితోనే లేచి నిలబడింది. పెండ్లయినప్పటినుంచి అతను సద్దు లేకుండా ఇంట్లోకి రావడం అదే మొదలు.

ఆయాసం పోయింది. గట్టు ఎక్కుతున్నాడు, మాత్రలు మింగుతున్నాడు. సద్దు మాత్రం రాలేదు. ఆ కబురు పెద్దాయన ఇంటిదాకా పోయింది. ఒక ఉదయం జీపు వచ్చి అరుగు ముందు ఆగింది. చిన్నసుబ్బయ్య దిగినాడు. అతని జుట్టు ఎప్పుడో నెరిసింది.

"పెద్దాయన పిలుచుకు రమ్మన్నాడు రంగా. ఎలక్షన్లు వస్తాండాయి. ఇప్పుడు నీ సద్దు లేదంట గదా. నిన్ను ఎవురూ అనుమానించరు, యాడ కూచోబెట్టినా తెలీదు."

రంగన్న ఇంటి వైపు చూసినాడు. రానన్నవాళ్ల చెట్లు తెల్లారేసరికి నరికి ఉండడం ఊరందరికీ తెలుసు. అప్పుడు యల్లమ్మ వాకిలి కాడికి వచ్చింది.

"సద్దు లేదని ఎవురు చెప్పినారు? నాకు వినబడతానే ఉంది."

ఎదురింట్లో కుట్టుమిషను ఆగింది. సలీం గడప మీదికి వచ్చి, "నాకూ వినబడతాంది. పొద్దున్నుంచి దానికే తొక్కుతాండా" అన్నాడు. పక్కింటి గంగమ్మ, కొడుకును పార్టీ గొడవల్లోనే పోగొట్టుకున్న మనిషి, చేట పక్కన పెట్టి అడిగింది: "ఏం సుబ్బయ్యా, నీకు వినబడలేదా?" వీధిలో ఒక్కొక్కరే బయటికి వచ్చి నిలబడినారు. ఎవరూ గొంతు పెంచలేదు.

చిన్నసుబ్బయ్య వాళ్లందరి మొగాలూ చూసినాడు. ముందుకు వచ్చి రంగన్న రొమ్ము మీద అరచెయ్యి ఆనించినాడు. చెవులకు ఏమీ తెలియలేదు. చేతి కింద మాత్రం మెత్తగా, తప్పకుండా కొట్టుకుంటా ఉంది. అతను చాలాసేపు చెయ్యి తీయలేదు.

"వినబడతాంది," అన్నాడు. "కల్వర్టు మీదికి కూడా వినబడతాది. నేను పెద్దాయనకు చెప్తాలే."

జీపు వంక దాటేదాకా వీధిలో ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత యల్లమ్మ మొగుణ్ణి ఇంట్లోకి పిలుచుకుపోయి, తలుపు దగ్గరికి వేసి, అతని రొమ్ము మీద చెవి పెట్టింది. ఇన్నేండ్ల కాపురంలో ఆమెకు ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. కండ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నది.

"ఉంది," అంది.