పోగుల వాలు

ఒకే పలక, ఒకే కట్టర్, ఒకే వేగం. అయినా రెండంచులు అద్దంలా నున్నగా వచ్చి, మిగతా రెండంచుల్లో పోగులెందుకు లేస్తాయి? బొల్లారంలోని ఓ చిన్న వర్క్‌షాపులో మిల్లింగ్ మెషీన్ నడిపే జీవరాజును ఈ సందేహం ఆరేళ్ళుగా వదల్లేదు. కార్బన్ పోగుల్ని జిగురుతో అతికించి చేసే నల్లటి పలకలవి. రోజూ ప్రార్థన చేసుకునిగాని మెషీన్ ఆన్ చేయని మనిషి. ప్రభువు ఆ రెండంచుల్నే ఎందుకు మరిచిపోతాడని ఒక్కోసారి అనుకుని, వెంటనే క్షమాపణ అడిగేవాడు. లేచిన పోగుల్ని ఉప్పు కాగితంతో రుద్ది సరిపెట్టేవాడు.

ఈసారి ఆర్డరులో రుద్దుడు కుదరదన్నారు. మూడు పలకలు చెడి, ఒక్కటే మిగిలింది. అదీ చెడితే ఈ పని మనకిక రాదని యజమాని తేల్చేశాడు.

కొత్తగా చేరిన ఇంజనీరు ప్రిసిల్లా, చెడిన ముక్కనొకదాన్ని కోతబలం కొలిచే పరికరం మీద పెట్టి జీవరాజుతో కోయించింది.

“అంకుల్, జెర తెర మీద ఈ గీత చూడండి. పొడుగంచుకు కిందనే ఉంది. అడ్డంచుకు ఎట్ల ఎగిరిందో!”

“బిగింపు వదులైందేమోనమ్మా.”

“బిగింపు మంచిగనే ఉంది. పోగులన్నీ ఏటవాలుగ పండుకున్నయి. పొడుగంచుల కట్టర్ వాటి వెంబడి పోతది. అడ్డంచుల ఎదురు పోతది. పోగు తెగక లేస్తది.”

“చేప పొలుసు ఎదురు గీకినట్టా?”

“గంతే!” అని నవ్విందామె.

ఇరవై ఏళ్ళు ఇనుము కోసిన చెయ్యి అతనిది. ఇనుముకు ఏ వైపైనా ఒకటే. పలకనీ అలాగే అనుకున్నాడు.

మిగిలిన పలకకు పొడుగంచులు కోశాడు. తర్వాత దాన్ని బోర్లా తిప్పి బిగించాడు. ఇప్పుడు పోగుల వాలు మారింది, అడ్డంచుల్లోనూ కట్టర్ వాటి వెంబడే నడిచింది. అంచు మీద వేలు రాస్తే ఒక్క పోగూ తగల్లేదు.

“స్తోత్రం తండ్రీ,” అన్నాడు. ప్రిసిల్లాకు కూడా చేతులు జోడించాడు.

అంతలోనే ఇంకోటి తట్టింది. బిగింపు తప్పు కాదన్నమాట! మొదటి పలక చెడిన రోజు, దాన్ని బిగించిన తోటి పనివాడు హేమచంద్రను తనే అందరి ముందూ చేతకానివాడన్నాడు. అతను లేత్ మెషీన్ మీద పనికి మారిపోయాడు, అంతే.

జీవరాజు పలక పట్టుకుని లేత్ దగ్గరికి నడిచాడు. షాపులో అందరూ తలెత్తి చూసేలా అన్నాడు:

“హేమచంద్రా! ఆ రోజు తప్పు నీ బిగింపుది కాదు. నా కోతది. నన్ను క్షమించు!”

“గంత గట్టిగ ఎందుకే అన్నా, ఇనబడ్తనే ఉంది.”

“ఆ రోజూ ఇంత గట్టిగానే అన్నాను కదరా.”