రెండు నీలం టిక్కులు

మా పక్క క్వార్టరు కమలాకుమారి గేటు బయటే నిలబడి చెప్పింది. ఆమెకు సెక్టర్ 2లో ఉండే లక్ష్మీకుమారి చెప్పిందట. ఆ లక్ష్మీకుమారితో సాక్షాత్తూ మా ఆడపడుచు కన్నమ్మ వదినే అందట, వరండాలో కూర్చుని మునగాకు దూస్తూ: "రిసాలీలో ఎవులో కృష్ణమోహనట, కొత్తిల్లు కట్టేడట. ఎవులో అక్కొచ్చి పాలు పొంగిస్తాదట. ఆ అక్కెవులో గానీ, అదృష్టవంతురాలు."

కృష్ణమోహన్ నా మొగుడు. ఆ అక్క ఈ కన్నమ్మ వదినే.

"నాకేటి తెల్దు జ్యోతొదినా, ఇన్నది సెప్పేను," అని కమలాకుమారి చేతులు దులుపుకుంది. దులుపుకుని వెళ్ళిపోతే బాగుండేది. గేటు పట్టుకుని, "ఇంతకీ ఆవిణ్ణి పిలిసేరా, లేదా?" అంది.

పిండి తడిపి వచ్చానని ఏదో అబద్ధం చెప్పి లోపలికి వచ్చేశాను. ఎల్లుండి పొద్దున్నే గృహప్రవేశం. ఈయన భిలాయి స్టీలు ప్లాంటు రైల్ మిల్లులో రిటైరయ్యారు కాబట్టి సెక్టర్ 6 క్వార్టరు ఖాళీ చెయ్యాలి. రిసాలీలో కట్టుకున్న నాలుగు గదుల్లో చేరాలి. మావాళ్ళలో కొత్త ఇంట్లో పాలు పొంగించే చెయ్యి ఆ ఇంటి ఆడపడుచుది. ఈయనకున్నది ఒక్క అక్క. బొబ్బిలి దగ్గర పల్లెనుంచి రేకుపెట్టెతో రైలు దిగిన తమ్ముణ్ణి తన క్వార్టరులో పెట్టుకుని, ప్లాంటులో కుదురుకునేదాకా అన్నం పెట్టిన అక్క. మాకీ క్వార్టరు వచ్చినప్పుడు కిరసనాయిలు స్టవ్వు మీద పాలు పొంగించిన అక్క. ఆవిడ రాకుండా ఆ ఇంట్లో నేను పొయ్యి ఎలా వెలిగించను?

ఈయన వరండాలో ఫోన్ గీకుతున్నారు.

"మీ అక్కని పిలిసేరా?"

"పిలవకేటి? గ్రూపులో ఎట్టేను కదా."

ఆ గ్రూపు గురించి చెప్పాలి. 'భిలాయి మనోళ్ళు' అని ఈయనగారే పెట్టారు. తెల్లారకముందే గులాబీ పూలు, ఆ తరవాత షుగరు వ్యాధికి కాకరకాయ వైద్యం, మధ్యాహ్నానికి ఎవరిదో తప్పిపోయిన కుక్క. ఈయన మా గృహప్రవేశం కార్డు పెట్టిన రోజునే దుర్గ్‌లో ఎవరో పెద్దాయన పోయారని దానికి పైన వార్త పడింది. చూసుకోకుండా జనం మా కార్డు కింద వరసగా దండాలు, 'ఓం శాంతి'లు పెట్టుకుంటూ పోయారు. ఇంకా పొయ్యి వెలగని నా ఇంటికి ఓం శాంతి! తీసెయ్యండి మొర్రో అంటే, "ఎడ్మిన్ని నానే గానీ, తీసేస్తే బాగోదు, ఆయన కొడుకు కూడా గ్రూపులో ఉన్నాడు," అన్నారు.

"గ్రూపు కౌన్ దేఖ్‌తా హై పప్పా?" లోపల్నుంచి చాందిని వచ్చింది. మా అమ్మాయి. పుట్టింది ఇక్కడ, చదివింది ఇక్కడ, తెలుగు మాత్రం పండక్కి కట్టుకునే చీరలా వాడుతుంది. "అందరూ మ్యూట్‌లో పెట్టేసారు. నేను ఇన్‌స్టాలో రీల్ పెట్టాను కదా. ఎంతమంది చూసారో తెలుసా?"

తెలుసు. కొత్త ఇంటి గేటు దానంతటది తెరుచుకుంటున్నట్టు, వెనకాల హిందీ పాట. సూరత్ నుంచి హృదయాలు వచ్చాయి, నాగ్‌పూర్ నుంచి వచ్చాయి. ఒకావిడైతే 'రేట్ క్యా హై' అని అడిగింది. ఇల్లు అమ్మకానికి పెట్టామనుకుంది పాపం.

"రీలా?" అన్నాడు మధుబాబు, చెవుల్లో తీగలు తియ్యకుండానే. మా అబ్బాయి ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. తీరికవేళ బీరువా తలుపు తెరిచి, తల మీద రజాయి కప్పుకుని పాడ్‌కాస్ట్ చేస్తాడు. అదేమిట్రా అంటే, ఎకో రాకుండా అంటాడు. వాడు మాట్లాడుతున్నంతసేపూ ఇంట్లో కుక్కర్ పెట్టకూడదు, ఫ్యాన్ వెయ్యకూడదు, తుమ్ము వస్తే పెరట్లోకి పోవాలి. "రీలంటే వేలితో ఇలా తోసి పారేస్తారు. పాడ్‌కాస్ట్ అలా కాదు మమ్మీ, చెవిలో కూర్చుంటుంది. రోటీ చేసుకుంటూ వినొచ్చు. మొత్తం ఎపిసోడ్ మన ఇంటి మీదే చేశాను. పప్పా ఊర్నుంచి రావడం, అత్త దగ్గర ఉండడం, అంతా. ఎల్లుండి అత్తే పాలు పొంగిస్తుందని కూడా చెప్పాను. ఇంకేం కావాలి?"

"మీ రెండిట్లోనూ ఎవులు సూసేరో పేరు తెలుస్తాదేటి?" ఈయనకు రోషం వచ్చింది. "నా దాన్లో తెలుస్తాది." మెసేజీ మీద వేలు నొక్కిపట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చదివినవాళ్ళ పేర్లన్నీ కిందికి లాగి, నా ముక్కు దగ్గర పెట్టారు. "ఇదిగో సూడు. అక్క. రెండు నీలం టిక్కులు. సూసింది!"

"పప్పా, చూడ్డం వేరు, ఎంగేజ్‌మెంట్ వేరు."

"ఎంగేజ్‌మెంటేటి, మనది గృహప్రవేశం!"

"అరే యార్," అని మధు నెత్తి పట్టుకున్నాడు.

ముగ్గురూ అలా గంటసేపు కొట్టుకున్నారు. ఎవరిది ఎంత దూరం పోయిందో, ఎవరిది ఎంతసేపు నిలిచిందో. రాయపూర్ చేరిందట, రూర్కెలా చేరిందట. ఒకదాంట్లో అందరూ మాట్లాడతారు, ఎవరూ వినరు. ఒకదాంట్లో బొమ్మ చూసి గుండె గుర్తు నొక్కి పోతారు. మావాడిదాంట్లోనైతే వాడొక్కడే మాట్లాడతాడు, ఎదటివాడు ఊఁ కొట్టడానికి కూడా వీల్లేదు. వీటిలో ఏది గొప్పదో తేల్చడానికి మా ఇంట్లో పంచాయితీ. స్కూటీ మీద పది నిమిషాల దూరంలో, వదిన ఉండే సెక్టర్ 2కి మాత్రం ఏ పిలుపూ చేరలేదు.

ముహూర్తం పెట్టిన రోజునే అన్నాను. ముందు వదినకి బొట్టు పెట్టి పిలిచొద్దాం, తరవాతే మిగతావాళ్ళు అని. "సొంత అక్కకి బొట్టేటే? ఇంటి మనిషిని ఎవులైనా పిలుస్తారా?" అన్నారు. పోనీ నేనొక్కదాన్నే వెళ్తానా అంటే, ఆడపడుచుని పిలవడానికి తమ్ముడు లేకుండా మరదలు పోతే, "ఆడికి కాళ్ళు లేవేటే?" అని గుమ్మంలోనే నిలబెడుతుంది. ఆ మాట అనిపించుకుంటే పడేది నేను. ఈ క్వార్టరుకి పిలవడానికి వెళ్ళినప్పుడు ఈయన సైకిలు తొక్కారు, నేను వెనక క్యారియర్ మీద చీర, పళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు బండి లేదు, ఫోన్ లేదు. మనిషికి బుద్ధి ఉండేది.

"లేవండి," అన్నాను. "ఇప్పుడే ఎల్దాం."

"ఇప్పుడా? కేటరింగాయన ఫోన్ సేస్తానన్నాడు..."

"కమలాకుమారికి తెలిసిందంటే సెక్టర్ 6 అంతటికీ తెలిసినట్టే. మీ గ్రూపు కన్నా అదే ఫాస్టు. లేవండి!"

లేచారు. చీర, పళ్ళు, కుంకుమ భరిణె సంచీలో పెట్టుకున్నాను. పిల్లలూ మధు బైకు మీద బయల్దేరారు. అత్త మీద ప్రేమతో అనుకుని సంతోషించాను, ఆ పది నిమిషాలే. దారి పొడుగునా స్కూటీ మీద ఈయన ఒకటే పాట: "సూసింది, జ్యోతీ. సూసి ఊరుకుంది. తప్పు నాదెలాగవుతాది? సూపిస్తాను సూడు."

"ఏటీ సూపించకండి, బాబ్బాబూ. దండం పెట్టి, రా అక్కా అనండి. అంతే."

"సరే సరే."

కన్నమ్మ వదిన వరండాలోనే ఉంది. చేటలో బియ్యం, పక్కన ఫోన్. మమ్మల్ని చూసి లేవలేదు, మొహం తిప్పుకోనూ లేదు. "ఒచ్చేరా? కూకోండి," అంది, పాలవాడితో అన్నట్టు. బియ్యంలో రాయి ఏరి ముంగిట్లోకి విసిరింది.

నేను భరిణె మూత తీశాను. కుంకుమలో వేలు ముంచాను.

"అత్తా, ఏక్ మినట్!" చాందిని ఫోన్ ఎత్తింది. "మమ్మీ, నువ్వు కొంచెం ఇటు జరుగు. లైట్ రావట్లేదు. అత్తా, నువ్వు ఒకసారి లోపలికెళ్ళి మళ్ళీ తలుపు తీసుకుని రావా? సర్‌ప్రైజ్ అయినట్టు?"

"చాందినీ!" అని అరిచాను. ఈలోగా మధు బియ్యం చేట పక్కన వేలెడంత మైకు పెట్టాడు. "అత్తా, పప్పా ఫస్ట్ టైం భిలాయి వచ్చిన రోజు గురించి రెండు మాటలు. నేచురల్‌గా."

ఈయన వైపు చూశాను, మీరైనా నోరు తెరవండి అన్నట్టు. తెరిచారు. నేను ఏ మాట వద్దన్నానో ఆ మాటకే తెరిచారు. ఫోన్ అక్క మొహం ముందు పెట్టి, "అక్కా, ఇదిగో సూడు. ఆవేళే ఎట్టేను. నీ పేరు పక్కన రెండు నీలం టిక్కులు. సూసేవు కదా? సూసి కూడా సూడనట్టు ఊర్లో ఆళ్ళతో ఈళ్ళతో అనడం బాగున్నాదేటి?"

వదిన చేట పక్కన పెట్టింది. చేతులు దులుపుకుంది. తమ్ముడి ఫోన్ వైపు చూడలేదు, మైకు వైపు చూడలేదు. కుంకుమంటిన నా వేలు ఆవిడ నుదుటికి జానెడు దూరంలో గాల్లో ఆగిపోయి ఉంది.

"సూసేన్రా. నువ్వెట్టిన కార్డు సూసేను. పిల్ల ఎట్టిన బొమ్మ సూసేను. నీ కొడుకు మాటాడింది కోడలు సేత రెండుసార్లు ఎట్టించుకుని ఇన్నాను. నానొస్తానని, పాలు పొంగిస్తానని లోకానికంతా సెప్పేరు. మరి రమ్మని నాకెవులు సెప్పేర్రా?"

చాందిని ఫోన్ కిందికి దించింది.