నిమ్మతోటకు బెట్ట పెట్టిన ఏడు

"సుఖం మరిగిన చెట్టు ఆకేస్తుంది గానీ కాపుకి రాదు" అన్నారు మా ఆయన, మూడో దోసె తుంచుకుంటూ. నిమ్మతోట గురించే అన్నారు. ఎదురుగా పీట మీద కూర్చున్న మా అత్తగారు పద్మావతమ్మ నా వంక చూసి, "మనుషులైనా అంతేరా వెంకటరామా" అన్నారు. నేను నాలుగో దోసె పోశాను. ఆ వాసనకి నా నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఆ పూట నాకు తిండి లేదు.

పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. తెనాలి దగ్గర అత్తగారి తమ్ముడు బసవపున్నయ్య ఉన్నాడు. ఆయన కోడలికి ఒంటిపూట అన్నం పెట్టి, పరగడుపున ఏదో ఆకు పసరు పోస్తే కవలలు పుట్టారట. అంతే, కార్తీకం వెళ్ళిన మర్నాటి నుంచి నాకూ అదే. మధ్యాహ్నం ఒక్కపూట అన్నం, అందులోకి పాలూ పెరుగూ నూనే ఏమీ ఉండకూడదు. వండటం మాత్రం రెండుపూటలా నేనే. పొద్దున టిఫిను, వాళ్ళిద్దరికీ మధ్యాహ్నం వంట, గేదెలకి కుడితి, ఆపైన పరుగెత్తుకుంటూ దమ్మపేట బడి. అక్కడ ఆరు, ఏడు తరగతులకి సైన్సు చెప్పేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి ముద్దపప్పులో నెయ్యేసి ఆయనకి పెట్టి, నేను మంచినీళ్ళు తాగి పడుకునేదాన్ని. ఇదంతా నీకిష్టమేనా అని నన్నెవరూ అడగలేదు. చెట్టునీ ఎవరూ అడగరు.

తోటకి కూడా ఆ బసవపున్నయ్య గారి లెక్కే. ఆయన చలికాలంలో నిమ్మతోటకి నెలన్నర నీళ్ళు ఆపేస్తాడు. దాన్నే బెట్ట పెట్టడం అంటారు. చెట్టు వాడి, కొంత ఆకు రాల్చి, మళ్ళీ నీళ్ళు తగలగానే ఒళ్ళంతా పూస్తుంది. మా మామగారి హయాంలో వీళ్ళు తెనాలి నుంచి వచ్చి దమ్మపేటలో అడవి అంచున భూములు కొన్నారు. నేల మారింది గానీ లెక్క మార్చుకోలేదు. తెనాలిది నల్లరేగడి, నెలన్నరైనా అడుగున తడి దాచుకుంటుంది. మాది ఎర్ర ఇసుక నేల, పొద్దున పెట్టిన తడి సాయంత్రానికి కనపడదు. ఆ ఏడు మా ఆయన నీళ్ళు ఆపిన రెండు వారాలకే ఆకు దొప్పలా ముడుచుకుపోయింది. "ఇక చాలండీ, నీళ్ళు పెట్టండి, మన నేల తట్టుకోలేదు" అన్నాను. "నీ సైన్సు బళ్ళో చెప్పుకో. మా మామయ్య నిమ్మకాయలమ్మి మేడ కట్టాడు" అన్నారు. నిజమే. మేడ కట్టినవాడి ముందు సైన్సు ఏపాటి?

ఆ రోజుల్లోనే ఏడో తరగతిలో చిక్కుడు మొక్క కుండీని బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టాను. మొక్కకి కింద ఏదో పైన ఏదో తెలుస్తుందని పిల్లలకి చూపించాలని. రెండురోజులకి కాండం మెడ ఎత్తినట్టు పైకి తిరిగింది. మా బళ్ళో తెలుగు చెప్పే రిబ్కా అటుగా వచ్చి ఆగింది. ఖమ్మంలో మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి, ఏ మాటైనా మొహం మీదే అనేస్తుంది. నేనూ ఈ ప్రాంతపు పిల్లనే, ఇంట్లో అత్తవారి యాస, బళ్ళో నా యాస.

"గిదేంది హైమా, కుండీ పడిపోయిందా?"

"పడిపోలేదు, నేనే పడుకోబెట్టిన."

"కండ్లు లేవు, చెవులు లేవు. మీదికి పోవాల్నని దానికెట్ల తెలుస్తది?"

"దాని లోపల సన్నటి పిండి రేణువులుంటయి. మొక్కని పక్కకి వంచితే అవి దొర్లి కిందిపక్కకి చేరతయి. అట్ల తెలుస్తది. వేరు కొసలో కూడా ఉంటయి."

"ఆ కొస గిల్లేస్తే?"

"వేరు పెరుగుతది గానీ ఎటు పోవాల్నో తెలవదు. కొన్నాళ్ళకి కొస మళ్ళా మొలుస్తది. అప్పుడు తెలుస్తది."

రిబ్కా కుండీని వదిలేసి నన్ను చూసింది. "నీ మొహమేంది గట్ల పీక్కపోయింది? పొద్దున తిన్నవా?" చెప్పాను. ఒంటిపూట సంగతి, పసరు సంగతి. చెబుతూ నవ్వాను కూడా, పోనీలే అన్నట్టు. రిబ్కా నవ్వలేదు. "బయాలజీ చదివినవు. పసరు తాగుతున్నవు. పిల్లలకు గీ పాఠం ఏ మొహంతో చెప్తవే?" అని డస్టరు బల్ల మీద కొట్టి పోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడకేం తెలుసు, ఒంటరి మనిషి, తను వండుకున్నది తనే తింటుంది అనుకున్నాను. కానీ ఇంటికి నడుస్తుంటే ఆ మంట ఎటు పోవాలో అటే పోయింది. తోట మధ్యలోంచి దారి. ఆకులన్నీ వేలాడుతున్నాయి. వేరుకి దాహం తెలియగానే ఆకుకి కబురు పోతుంది. ఆకు మీద మన కంటికి కనపడని సన్నటి నోళ్ళుంటాయి, అవన్నీ మూసుకుంటాయి. ఉన్న నీరు పోకుండా చెట్టు చేసుకునే ఏర్పాటది. కానీ నోళ్ళు మూసుకుంటే గాలీ లోపలికి రాదు, తిండి తయారవదు. నోరు మూసుకుని బతకడమంటే ఆకలితో బతకడమే. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! మరి నేనెన్నాళ్ళుగా మూసుకున్నాను? విజయవాడ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి మూడేళ్ళు. తిరుగు బస్సులో మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో నేను చూసుకుంటాను, నువ్వు నోరెత్తకు" అన్నారు. ఎంత మెత్తగా అన్నారో! పెళ్ళయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకున్నది తక్కువ, అందుకని ఆ మెత్తదనానికే నేను పడిపోయాను. ఆయన చూసుకుంటూనే ఉన్నారు, అత్తగారు నా నోట్లో పసరు పోస్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారు. ఇంకొకటి కూడా నాకు తెలుసు, ఏ పుస్తకంలోనూ ఇంత కటువుగా రాయరు గానీ. బెట్ట పెట్టిన చెట్టు సంతోషంతో పూయదు. చచ్చేలోపు నాలుగు గింజలైనా వదిలిపోదామని పూస్తుంది. దాన్ని చూసి మనం ఎంత బాగా పూసిందో అనుకుంటాం.

నెలన్నర నిండాక ఆయన మోటారు వేసి, ఆబగా రాత్రీ పగలూ నీళ్ళు వదిలారు. తోటంతా తెల్లగా పూసింది. వాసన రోడ్డు దాకా వచ్చింది. చూసిపొమ్మని మామయ్యకి కబురు పెట్టారు. సరిగ్గా ఆ వారమే నాకు ప్రమోషన్ ఆర్డరు వచ్చింది. పినపాక హైస్కూల్లో బయాలజీ స్కూల్ అసిస్టెంటు, పై తరగతులకి పాఠాలు. సోమవారం చేరాలి, లేదంటే నాకు ప్రమోషన్ వద్దని రాసివ్వాలి. ఒకసారి వద్దంటే మళ్ళీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నేను అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఆయన కూర కలుపుకుంటూ, "వద్దని రాసిచ్చెయ్. పినపాకంటే అడవి. నువ్వక్కడ కూర్చుంటే ఇక్కడ అమ్మకి అన్నం ఎవరు పెడతారు?" అన్నారు. అత్తగారు, "కడుపు పండాలంటే కాలు ఇంట్లో నిలవాలమ్మాయ్. ప్రమోషన్ ఎత్తుకుని ఆడిస్తావా?" అన్నారు. పెరుగు గిన్నె ఆవిడ ముందుకి జరిపాను.

శనివారం బసవపున్నయ్య దిగేసరికి పూతంతా నేల మీద ఉంది. చెట్టు కింద అడుగు వేస్తే పూలమీదే పడుతోంది. పిందె కట్టిన చోట్ల పిందెలూ రాలాయి, కొమ్మల చివర్లు ఎండి పుల్లలయ్యాయి. ఆయన మట్టి ఇంత గుప్పిట్లోకి తీసుకున్నాడు. పిడికిలి విప్పగానే అది వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

"ఈ నేలకి నెలన్నరేంట్రా అబ్బాయ్? మాడ్చి చంపావు. ఆపైన ఒక్కసారే నీళ్ళు తోడేశావు. ఏ చెట్టు తట్టుకుంటుంది?"

మా ఆయన తల వంచుకున్నారు. అయ్యో ఆ తల వంచుకోవడం చూడలేకపోయింది తల్లి ప్రాణం. వరండాలోకి రాగానే అత్తగారు అందరికీ వినపడేలా, "వాడి తప్పేముందిరా తమ్ముడూ? గొడ్రాలు రోజూ తొక్కే తోట కాపు నిలుపుకుంటుందా?" అన్నారు. బసవపున్నయ్య నీళ్ళ చెంబు అందుకుని అటు తిరిగాడు. మా ఆయన ఆ మాట విననట్టే జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. ప్రమోషన్ వద్దని ఆయనే తన దస్తూరీతో రాసి ఉంచారు, నేను సంతకం చేస్తే చాలు. పెన్ను మూత కూడా ఆయనే తీసిచ్చారు.

పెన్ను అందుకున్నాను. కోపంతో కడుపులో ఆకలి కూడా చల్లారిపోయింది. తన తప్పు తోట మీద కనపడుతున్నా ఆ తప్పు మోయడానికి నేనే దొరికాను ఆ మనిషికి. ముందు ఒళ్ళు ఇచ్చాను, ఇప్పుడు ఉద్యోగం కూడా ఇవ్వాలి. మూత పెట్టి పెన్ను బల్ల మీద పెట్టాను.

"అత్తమ్మా, విజయవాడ డాక్టరు మా ఇద్దరికీ పరీక్ష చేసిండు. నాలో ఏ లోపమూ లేదన్నడు. మీ అబ్బాయికి పిల్లలు పుట్టే యోగం లేదన్నడు. మూడేళ్ళ కిందటే."

అత్తగారు నవ్వబోయి, కొడుకు మొహం చూసి ఆగిపోయారు. బసవపున్నయ్య చెంబు కింద పెట్టాడు. అబద్ధమని ఒక్కమాట అంటారేమోనని నేనూ మా ఆయన వంక చూశాను. అంటే వినడానికి సిద్ధంగానే ఉన్నాను.

"ఇక్కడ చెప్పాలా హైమా అది?" అన్నారు, గొంతు తగ్గించి.

"మరేడ చెప్పను? నన్ను గొడ్రాలన్నది ఈడనే గదా."

సోమవారం పినపాకలో చేరాను.