నాలుగో గదిలో ఆవిరి

జనవరిలో మౌఖిక పరీక్షలున్న రోజుల్లో అటెండర్ ఒరెస్తే ఏడున్నరకే వచ్చి నాలుగో గది కిటికీలు తెరుస్తాడు. ఇటలీలోని పో నది వైపు నుంచి పొగమంచు లోపలికి వస్తుంది. ఎనిమిదిన్నరకు మూసేస్తాడు. అప్పటికి గది చాలినంత చల్లబడి ఉంటుంది.

ఆ గదిలో సొంతంగా ఆలోచించి చెప్పిన మాటకే నోటి ముందు ఆవిరి కనిపిస్తుంది. బట్టీ పట్టిన మాటకు రాదు, అరువు తెచ్చుకున్నదానికి అసలే రాదు. ఒరెస్తే ఉద్యోగంలో చేరేనాటికే ఇది ఇలా ఉంది. కృత్రిమ మేధ వచ్చాక మాత్రం గది మరీ తేటగా ఉంటోందని అతనంటాడు.

విశ్వవిద్యాలయం నిబంధనల్లో ఆవిరి ప్రస్తావన లేదు. నిరుడు కొన్న సాఫ్ట్‌వేర్ ప్రస్తావన ఉంది. విద్యార్థి వ్యాసంలో యంత్రం రాసింది ఎంతో అది శాతాల్లో చెబుతుంది. అరవై దాటితే ప్రొఫెసర్ అభియోగ పత్రాన్ని అందరి ముందూ చదివి సంతకం చేయాలి. సంతకం పడితే ఏడాది సస్పెన్షన్.

నీవెస్ జాగి వ్యాసానికి డెబ్బై ఎనిమిది వచ్చింది.

ఆమె చరిత్ర విభాగంలో మూడో ఏడాది చదువుతోంది. మలుగు చేపలను కాల్చి వెనిగర్‌లో నిల్వచేసే ఫ్యాక్టరీలో పూర్వం పనిచేసిన ఆడవాళ్ల గురించి రాసింది. వేసవంతా పదకొండు మంది వంటగదుల్లో కూర్చుని వాళ్లు చెప్పింది రాసుకుంది. సస్పెండైతే ఉపకార వేతనం పోతుంది. అది పోతే చదువు అక్కడితో సరి.

వరండాలో ఆమె స్నేహితురాలు డెలియా తన అభిప్రాయం చెప్పింది. "ఆ ముసలమ్మల తిట్లన్నీ తీసేశావు. అవి ఉంచి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ నిన్ను అనుమానించేది కాదే."

ప్రొఫెసర్ బోన్ఫాత్తి ఇరవై నిమిషాలు ప్రశ్నలడిగాడు. పొయ్యిల ముందు పన్నెండు గంటల పని గురించి, వెనిగర్‌కు చర్మం ఊడిపోయిన వేళ్ల గురించి నీవెస్ చెబుతుంటే తెల్లటి ఆవిరి బల్ల దాకా వచ్చింది. మూడో భాగం, కార్మిక చట్టాల దగ్గరికి వచ్చేసరికి అది పలచబడి మాయమైంది. ఆమె అది చూసి, మిగతాది పూర్తి చేసింది.

ప్రొఫెసర్ అభియోగ పత్రం తీసి చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యానికి ఆయన నోటి ముందు ఏమీ లేదు. రెండోదానికీ లేదు. వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు.

తలుపు దగ్గర నుంచి ఒరెస్తే వినయంగా అడిగాడు. "సార్, కిటికీ తెరవమంటారా?"

ప్రొఫెసర్ కళ్లజోడు తీశాడు.

"నూట నలభై వ్యాసాలు, ఒరెస్తే. ఈ పత్రాలన్నీ నేనెక్కడ రాస్తాను? యంత్రంతోనే రాయించాను."

ఆ మాటకు ఆవిరి దట్టంగా వచ్చింది.

పత్రాన్ని సంతకం చేయకుండానే మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. ముప్పైకి ఇరవై ఏడు వేస్తున్నానని నీవెస్‌తో అన్నాడు. ఇచ్చిన మార్కు వద్దనుకుంటే విద్యార్థి మళ్లీ పరీక్షకు రావచ్చు. సాధారణంగా ఇంకా ఎక్కువ కావాలనుకునేవాళ్లే ఆ పని చేస్తారు.

"నాకొద్దు సార్," అంది నీవెస్. "చట్టాలు అర్థం కాక యంత్రాన్ని అడిగాను. అది ఇచ్చింది ఇచ్చినట్టు పెట్టేశాను. చదువుకుని ఫిబ్రవరిలో వస్తాను."

ఆయన రిజిస్టర్‌లో మార్కు కొట్టేసి, ఫిబ్రవరి పన్నెండు జాబితాలో మొదటి పేరుగా ఆమెది రాశాడు.

నీవెస్ అటు నుంచి అటే లైబ్రరీకి వెళ్లి కార్మిక చట్టాల సంపుటాలు రెండూ అడిగింది. రెండోదాన్ని అచ్చయిన నాటి నుంచి ఎవరూ తీసుకోలేదు. అచ్చులో మడిచిన అంచులు కోయకపోవడంతో పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. లైబ్రేరియన్ సొరుగులోంచి ఒక మొద్దు చాకు తీసి పుస్తకం మీద పెట్టింది. నీవెస్ కిటికీ పక్కన కూర్చుని, మొదటి పేజీ నుంచి కోయడం మొదలుపెట్టింది.